కత్తెర కంటే ముందు గుండుసూది

నారపల్లి సందులో ఓ చిన్న టైలరింగ్ షాపు. స్కూలు వార్షికోత్సవాల రోజులు. ఏడో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిందో తల్లి. నాటకంలో పాపది సత్యభామ వేషం. సంచీలోంచి ఆమె తీసింది... తన పెళ్లి పట్టుచీర!

‘దీంతోనే కుట్టాలక్కా. కొత్తది కొనేటట్టు లేదు’ అంది.

టైలరక్క కత్తెర ముట్టుకోలేదు. ‘ఆగు చెల్లె. పట్టుచీర కోస్తే మళ్ల అతకదు. ముందుగాల బొమ్మ మీద చూద్దం’ అంది.

షాపులో ఉన్నదేమో పెద్దవాళ్ల బొమ్మ. మరెలా? పాపకు పాత టీషర్టు తొడిగింది. దానిమీద బ్రౌన్ టేపు రెండు పొరలు, మరీ బిగించకుండా చుట్టింది. వీపు వైపు నిలువునా జాగ్రత్తగా కత్తిరించి ఊడదీసింది. మళ్లీ అతికించి లోపల గుడ్డ పీలికలు కూరింది. ఇంకేం... పాప ఒంటి తీరుతోనే బొమ్మ తయార్!

ఇక అసలు పని. జాకెట్టు కోసం కోరా గుడ్డ తీసుకుని, నిలువు పోగును బొమ్మ మధ్యగీతకు ఆనించింది. మెడ దగ్గర మొదలుపెట్టి భుజాలు, పక్కలు, నడుము దాకా గుండుసూదులు గుచ్చింది. గుడ్డను లాగకూడదు. వదులు మిగిలినచోట చిటికెతో పట్టి సూది గుచ్చితే అదే డాట్. కుట్టు వచ్చేచోట పెన్సిల్ గుర్తులు. తర్వాత సూదులు తీసి, బల్లమీద పరిచి, గీతలు సరిచేసి, కుట్టుకు కొంత కలిపి కాగితం మీదికి ఎక్కించడమే. ఫ్యాషన్ కాలేజీల్లో నేర్పే ‘డ్రేపింగ్’ ఇదే.

కొలతలు తీస్తే సరిపోదా అంటారా? టేపు ఛాతీ చుట్టుకొలత చెబుతుంది. భుజం ఎంత వాలిందో చెప్పదు. వేషాల సంగతి మరీనూ. ఇక్కడికి దగ్గర్లోని నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియోస్ పెట్టారు. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడూ కర్ణుడూ దుర్యోధనుడూ ఆయనే. ఒంటి కొలతలు ఒక్కటే! కానీ దుర్యోధనుడి దుస్తులు కృష్ణుడికి నప్పుతాయా? గుడ్డ బరువు, మడత, జారే తీరు... ఇవి కంటికి కనిపించాల్సిందే.

పారిస్‌లో మాడలీన్ వియోనే (1876-1975) చిన్న చెక్కబొమ్మకు గుడ్డ చుట్టి డిజైన్లు చేసేవారు. మన టైలర్లు ‘క్రాస్’ అనే ఏటవాలు కోతకు ఫ్యాషన్ ప్రపంచంలో అంత పేరు రావడం ఆవిడ చలవే. అయినా మనకిదేం కొత్త? ఐదున్నర మీటర్ల గుడ్డను కత్తెర లేకుండా ఒంటికి అమర్చడం మన అమ్మమ్మలకు వెన్నతో పెట్టిన విద్య!

ఇంతకీ పట్టుచీర ఏమైంది? అక్క దాన్ని బొమ్మకు చుట్టింది. ఎక్కువైన వెడల్పు లోపలికి మడిచింది. ముందు విసనకర్రలా కుచ్చిళ్లు పెట్టి, చీర రంగు దారంతో టాకాలు వేసింది. జాకెట్టుకు అదే రంగు వేరే గుడ్డ. నాటకం అయ్యాక టాకాలు విప్పితే చీర మళ్లీ చీరే!

కత్తెర ఒక్కసారి కూడా తగల్లేదు. పెళ్లిచీర మడతపెట్టి సంచీలో దాచుకునే రోజు ఇంకా ఉందని తెలిశాక ఆ తల్లి ముఖం చూడాలి... సత్యభామ కిరీటం ఆమెకే పెట్టినట్టుంది!