బకాసురుని తల

ఇటీవల నాగరుకర్నూలు ప్రాంతమునందలి బిజినేపల్లిలో నొక మిత్రుని యింట కూర్చుండియుండగా, పత్రికలో అచ్చయిన యొక పెద్ద తొడయెముక పటమును గూర్చి ప్రసంగము వచ్చినది. అది గోదావరీ ప్రాంతమున దొరకినదట. ఇంటి పెద్దగారు చూచి, అది బకాసురుని యెముకయని సెలవిచ్చిరి. పదేండ్ల మనుమరాలు "మరి తల యేది తాతా?" అని యడిగినది. "భీముడు నుగ్గునుగ్గు చేసిండు. ఆడిపిల్లకు గిన్ని సవాళ్లెందుకు?" అనుటతో అందరును నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ సభలో శాస్త్రమునకు తగిన మాట ఆ పిల్ల ప్రశ్న యొక్కటియే.

ఏలయన, ఆ యెముకలను త్రవ్వినవారును అదియే యడిగిరి. 1961 ప్రాంతమున కలకత్తాలోని భారతీయ సాంఖ్యకశాస్త్ర సంస్థవారు తెలంగాణ మహారాష్ట్రముల సరిహద్దున పోచంపల్లి చెంత (చీరల పోచంపల్లి కాదు సుమీ) త్రవ్వగా, కనీసము ఆరు జంతువులకు చెందిన మున్నూరు ఎముకలు, శిలలైపోయిన పెద్ద మ్రానులతో కలిసి దొరకినవి. తొడయెముక యొక్కటియే అయిదున్నర అడుగులు. పెద్దకాళ్లది యనియు, రవీంద్రుని శతజయంతి స్మారకముగను, 1975లో దానికి బారాపాసారస్ టాగోరై యని పేరిడిరి. పిదప 1970ల చివర యామన్‌పల్లి చెంత మరియొక జాతి బయల్పడినది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణవారు పండ్రెండు జంతువులవి 840 ఎముకలు సేకరింపగా, యాదగిరిగారు 1988లో దానిని కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనిరి. ఆ కంకాళము నేడు హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిచియున్నది.

ఇంత చక్కగా నిలిచిన యెముకల రాశిలో రెండు జాతులకును తలలు దొరకలేదు. కొన్ని పండ్లు మాత్రమే చిక్కినవి. ఈ జంతువుల తలయెముకలు పలుచనివి. మెడకు గట్టిగా నతుకుకొని యుండవు. ప్రవాహమున ముందుగా కొట్టుకొనిపోవునవి యవియే. 840 ఎముకలను చేతబట్టుకొని, తల మాకు దొరకలేదని వ్రాసినవారు వారు. ఒక్క పటమును చూచి జంతువు పేరును, కులమును, చంపినవాని నామమును నిర్ణయించినవారు మనము! పది తలలు కావలెనన్నను మనవద్ద కొదువ లేదు.

బకాసురుని కథ మాకును ప్రియమైనదే. కాని కథ చెప్పుట వేరు, కథతో నోరు మూయించుట వేరు. ఇదంతయు మన పూర్వులెరిగినదే యని సభలలో నుపన్యసించువారి నొక్క మాట యడుగుదుము: ఆ యెముకలు బిజినేపల్లిలో నేల దొరకవు? ఇచ్చటి గుండ్లు భూగర్భమున శిలాద్రవము చల్లారి గట్టిపడినవి. సుమారు 250 కోట్ల యేండ్లవి. వానిలో నెముక యుండజాలదు. గోదావరీలోయలో నదులు పేర్చిన మట్టియు నిసుకయు సుమారు 17, 18 కోట్ల యేండ్ల క్రిందట ఆ కళేబరములను కప్పి కాపాడినవి. ఇంటి ముందరి గుండును గూర్చి యీపాటి చెప్పలేని జ్ఞానము ఏ పూర్వులదో మాకు తెలియదు.

మధ్యప్రదేశమున ధార్ జిల్లా పాడల్యా గ్రామమున కొన్ని గుండ్రని రాళ్లను కకడ్ భైరవుడని కులదైవముగా కొలుచుచుండిరి. అవి డైనోసారుల గ్రుడ్లని 2023లో వెల్లడియైనది. భక్తి వానిని పగులగొట్టనీయలేదు, ఇది యొప్పుకొనవలసినదే. కాని అవి యెవరి గ్రుడ్లో తెలిసినది మాత్రము ఎవరో యడుగుటచేతనే.

యాదగిరిగారి వ్యాసము ఇంగ్లీషున నున్నది. మన నేల యెముకల వృత్తాంతమును మన బిడ్డలకు తెనుగున చెప్పవలసినవారు ముందుగా ఇంటి పెద్దలే. వారే అడిగినపిల్లను కసరికొట్టినచో, ఆ పిల్ల ఇక నెవ్వరి నడుగును?

లేచి వచ్చుటకు ముందు మేమా పిల్లను పిలిచి, తల యింకను దొరకలేదని చెప్పితిమి. "అయితే ఎవరన్న వెదుకుతున్నరా?" అని మరల నడిగినది. తాతగారు మావంక చూచిరిగాని, ఈసారి కసరలేదు.