బాడుగ లెక్క సరిహద్దు దాటితే

చిత్తూరు నుంచి తిరుపతికి దాదాపు 70 కిలోమీటర్లు. వేలూరుకు అందులో సగమే. రాష్ట్రం మారుతుందనే గానీ, చిత్తూరు మనిషికి తిరుపతి కంటే వేలూరును ఆనుకున్న కాట్పాడే దగ్గర. బెంగళూరు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్నా పిల్లలు అక్కడే ఉద్యోగాల్లో ఉండటంతో అదీ పరాయి ఊరు అనిపించదు. అందుకే ఇక్కడ చేతిలో కాస్త డబ్బు ఆడుతున్న వాళ్లను ఎవరిని కదిపినా, రిటైరైన టీచరు కానీ మామిడి గుజ్జు వ్యాపారి కానీ, ఒకటే మీమాంస. ఉన్న మిద్దె మీద ఇంకో మిద్దె వేసి బాడుగకు ఇద్దామా, బెంగళూరులోనో చెన్నైలోనో ఫ్లాటు కొందామా?

నా సమాధానం చాలామందికి రుచించదు. పక్క రాష్ట్రంలో ఫ్లాటు కొనేవాళ్లు బాడుగ కోసం అని పైకి చెబుతూ, నిజానికి ధర పెరుగుతుందని పందెం కాస్తున్నారు. పందెం కాయడం తప్పేమీ కాదు. దానికి నెలసరి ఆదాయం అని పేరు పెట్టి ఇంట్లో వాళ్లను ఒప్పించడంతోనే నాకు పేచీ.

ఒక లెక్క వేసి చూద్దాం. బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు 80 లక్షల ఫ్లాటు, నెలకు 28 వేల బాడుగ అనుకోండి. కర్ణాటక రిజిస్ట్రేషన్ ఫీజును 2025 ఆగస్టు చివర్లో 1 నుంచి 2 శాతానికి పెంచింది. స్టాంపు డ్యూటీ, సెస్సులతో కలిపి మొత్తం 7.6 శాతం దాకా అవుతుంది. అంటే తాళం చెవి చేతికి రాకముందే ఆరు లక్షలు అదనం. ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉండటం మామూలే. ఆస్తి పన్ను, రంగులు, రిపేర్లు తీసేస్తే మిగిలేది రెండు లక్షల ఎనభై వేలకు లోపే. పెట్టిన 86 లక్షల మీద అది మూడు శాతం పైచిలుకు, బ్యాంకు డిపాజిట్ వడ్డీలో సగం. అందులో 60 లక్షలు 8.5 శాతానికి, 20 ఏళ్ల అప్పుగా తెస్తే కంతు 52 వేలు. వచ్చే బాడుగకు ఇంకో 24 వేలు ప్రతి నెలా జేబులోంచి కలపాలి. పాత పన్ను విధానంలో ఉంటే ఈ నష్టాన్ని రెండు లక్షల వరకు జీతంలోంచి తగ్గించి చూపొచ్చు. ఇప్పుడు ఎక్కువమంది ఉంటున్న కొత్త విధానంలో ఆ వెసులుబాటు లేదు.

ఇక మిగిలింది ధర. అక్కడా నిబంధన మారింది. 2024 జూలై 23 నుంచి అమ్మకం లాభం మీద 12.5 శాతం పన్ను కడితే చాలు, కానీ ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధరను పెంచి చూపే సౌకర్యం పోయింది. అంతకుముందు కొన్నవాళ్లకు మాత్రం పాత పద్ధతి ఎంచుకునే వీలుంది. ఇవాళ కొనేవాళ్లకు లేదు.

మరి తిరుపతిలో? బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో ఏ వీధిలో చూసినా ఇంటి అమరిక దాదాపు ఒకేలా ఉంటుంది. కింద యజమాని. మొదటి అంతస్తులో రెండు పోర్షన్లు. పైన ఒంటి గది, పక్కన రేకుల షెడ్డు, అందులో యూనివర్సిటీ పిల్లలు. కరెంటు మీటర్లు వేరు, బోరు మోటారు ఒకటే. మోటారు ఎప్పుడు వేయాలి, ఎవరి బండి గేటుకు అడ్డం ఉంది, పోయిన నెల ఎవరు సగమే ఇచ్చారు, ఎవరింటికి చుట్టాలొచ్చి వారమైనా కదల్లేదు, ఇవన్నీ ఇంటావిడకు కంఠతా వచ్చు. స్థలం నాన్నగారు ఎప్పుడో కొన్నది కాబట్టి కొత్తగా పెట్టేది కట్టుబడి ఖర్చే. పాతిక లక్షలతో రెండు పోర్షన్లు వేసి తొమ్మిదేసి వేలకు ఇస్తే ఏడాదికి రెండు లక్షల పదహారు వేలు, అంటే ఎనిమిది శాతం పైనే. అదే స్థలాన్ని ఇవాళ్టి రేటుకు కొని కట్టి చూడండి, తిరుపతి లెక్క బెంగళూరు లెక్క కంటే మెరుగేమీ కాదు. గొప్పతనం ఊరిది కాదు, ముందే చేతిలో ఉన్న జాగాది. ప్లానులో లేని అంతస్తు వేస్తే ఆ గొప్పతనమూ నోటీసుతో పోతుంది.

తిరుపతిలో కొత్తగా కొనేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఊరి చుట్టూ దేవస్థానం భూములు, హథీరాంజీ మఠం భూములు విస్తారంగా ఉన్నాయి. వాటి చుట్టూ వివాదాలూ అంతే. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పని జరగదు. ఇంట్లో బాడుగవాళ్లు ఉన్నారనీ, కరెంటు బిల్లు వస్తోందనీ నమ్మి కొంటే, అమ్ముకునే రోజున అసలు సంగతి తెలుస్తుంది. బెంగళూరులో ఇలాంటి పేచీ ఆస్తి రికార్డు అయిన ఖాతా దగ్గర వస్తుంది. ఏ-ఖాతానా, బి-ఖాతానా, ఇ-ఖాతా ఉందా అని చూడకుండా బయానా ఇవ్వకూడదు.

బాడుగ ఆదాయం ఎంత బలహీనమైన పునాది మీద నిలబడుతుందో 2020లో కరోనా చూపించింది. మార్చి 20న శ్రీవారి దర్శనాలు ఆగాయి, సామాన్య భక్తులకు మళ్లీ మొదలైంది జూన్ 11న. యాత్రికుల మీద, విద్యార్థుల మీద ఆధారపడ్డ గదులు ఒక్కసారిగా ఖాళీ. అటు బెంగళూరు ఐటీ పిల్లలు లాప్‌టాప్‌లతో ఊళ్లకు వచ్చేస్తే మారతహళ్లి పీజీలు బోసిపోయాయి. ఉద్యోగి కుటుంబాలు ఉన్న పోర్షన్ల ఓనర్లు మాత్రం ఒకటి రెండు నెలలు సర్దుకుని గట్టెక్కారు. అలిపిరి వైపు రోజువారీ గదులుగా మారుతున్న ఇళ్లను చూస్తే, ఆ మూడు నెలలు అందరూ మరిచిపోయినట్టున్నారు.

పీజీల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నేను చూసినంతలో బెంగళూరు బాడుగల మీద నిజంగా సంపాదించిన మనవాళ్లలో చాలామందికి అక్కడ సొంత గోడ ఒక్కటి కూడా లేదు. మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో స్థానికుడి భవనాన్ని మొత్తంగా లీజుకు తీసుకుంటారు, మంచాలు వేస్తారు, ఊరి నుంచి వంటమనిషిని తెచ్చుకుంటారు, పొద్దున ఉప్మా నుంచి రాత్రి పప్పు, గోంగూర దాకా దగ్గరుండి చూసుకుంటారు. 2024 వేసవిలో బెంగళూరులో నీళ్లకు కటకట వచ్చినప్పుడు ట్యాంకరు కోసం పరుగులు పెట్టిందీ వాళ్లే. వాళ్లకు మిగిలేది కష్టానికి కూలి. చిత్తూరులో కూర్చుని ఫ్లాటు మీద ఆ కూలి ఆశించేవాళ్లు మాత్రం, గీజరు పాడైందని ఫోను వస్తే బ్రోకరుకు ఫోను చేస్తారు. అతను బాడుగవాడిని దించిన రోజే తన కమిషను తీసుకుని ఉంటాడు.

తమిళనాడు వైపు కాట్పాడిలో వీఐటీ, వేలూరులో సీఎంసీ ఆసుపత్రి ఉన్నాయి. వీఐటీలో మన పిల్లలు ఎక్కువ. సీఎంసీకి బెంగాల్, జార్ఖండ్, బంగ్లాదేశ్ నుంచి రోగులు వచ్చి వారాల తరబడి ఉంటారు. బాడుగకు కొదవ ఉండదు. చిత్తూరు మనిషి పొద్దున బస్సెక్కి వెళ్లి, కుళాయి బాగు చేయించి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరగలడు. సరిహద్దు దాటాలనుకుంటే నేను ఓటు వేసేది ఇటువైపే. అయితే అక్కడ రిజిస్ట్రేషన్ ఖర్చు 9 శాతం, మన దగ్గర 7.5. పైగా పదకొండు నెలల స్టాంపు పేపరు రాసుకుని పని అయిందనిపించే మన అలవాటు అక్కడ చెల్లదు. 2017లో చేసి 2019 ఫిబ్రవరిలో అమల్లోకి తెచ్చిన చట్టం ప్రకారం ఎంత చిన్న గడువుకైనా రాతపూర్వక ఒప్పందం ఉండాలి, దాన్ని రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయించాలి. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే మూడు నెలల బాడుగకు మించి అడ్వాన్సు అడగకూడదు. బెంగళూరు పది నెలల అడ్వాన్సు మనసులో పెట్టుకుని వేలూరు వెళితే నిరాశే.

సముద్రాలు దాటిన సరిహద్దు సంగతి వేరు. అమెరికాలో ఉన్న కొడుకు పేరిట తిరుపతిలో ఫ్లాటు ఉంటే, బాడుగకున్నవాడు మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను, దాని మీద సెస్సు పట్టి, టాన్ నంబరు తీసుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఓనరు ఇక్కడివాడైతే నెలకు 50 వేలు దాటినప్పుడే, అదీ 2 శాతమే. ఇది తెలిసి కడుతున్న బాడుగదారు నాకు తారసపడలేదు. దుబాయ్ ఫ్లాటు ప్రకటనలకు ఆకర్షితులైన ఇక్కడివాళ్లు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం ముందే పట్టుకుంటుంది, తర్వాత రిటర్నులో సర్దుకోవాలి. ఆ ఆస్తిని రిటర్నులో చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా పడొచ్చు. సింగపూర్ 2023లో విదేశీ కొనుగోలుదారుల మీద అదనపు స్టాంపు డ్యూటీని 60 శాతానికి తీసుకెళ్లింది. కెనడా అదే ఏడాది విదేశీయుల కొనుగోళ్లను చాలావరకు నిషేధించింది. అయినా మన ఆదివారం సెమినార్లలో కుర్చీలు నిండుతూనే ఉన్నాయి.

చెన్నై–బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వే వి.కోట, పలమనేరు, బంగారుపాళ్యం మీదుగా వెళుతోంది. కర్ణాటక భాగంలో బండ్లు తిరగడం మొదలైంది. మన వైపు కూడా పూర్తయితే చిత్తూరు నుంచి బెంగళూరు పక్కనున్న హోసకోటె రెండు గంటల ప్రయాణం అవుతుంది. అప్పుడు కాట్పాడికి ఇచ్చిన ఓటును నేను మళ్లీ ఆలోచించుకోవాల్సి రావచ్చు. ఈలోగా ఆ రోడ్డు పేరు చెప్పి పలమనేరు చుట్టుపక్కల ప్లాట్లు అమ్ముతున్నవాళ్లు, బాడుగ ఆదాయం అని కరపత్రాల్లో వేస్తున్నారు. బీడులో పాతిన నాలుగు రాళ్లకు బాడుగ ఎవరిస్తారో ఆ కరపత్రంలో లేదు.