తులం బరువు తూటా

క్రితం వారం ఈ పేజీలో కుంకుడుకాయలను గురించి రాసిన మనిషి ఈ వారం తుపాకులు పట్టుకున్నాడేమిటని పాఠకులు కంగారు పడవద్దు. నా చేతిలో ఇప్పుడు ఊతకర్ర తప్ప మరో ఆయుధం లేదు. వచ్చిన చిక్కల్లా మా చెల్లెలి కొడుకుతో వచ్చింది.

వాడు అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో వుంటాడు. వెళ్ళి పాతికేళ్ళు దాటింది, అక్కడి పౌరుడైపోయాడు. స్నేహితులంతా ఏటా అక్టోబరులో కొండలెక్కి ఎల్క్ వేటకు పోతూవుంటే వీడికీ సరదా పుట్టింది. "మావయ్యా, చిన్నతాతయ్యతో కుర్రతనంలో వేటకు తిరిగావుట గదా. నేను ఒకటే రైఫిలు కొంటాను. అది ఆదివారాలు వెయ్యి గజాల గురి కొట్టడానికీ పనికి రావాలి, ఎల్క్‌ను కొట్టడానికీ పనికి రావాలి. దుకాణం వాడు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తీసుకోమంటున్నాడు. వీడియోలలో ఏడువందల గజాల నుంచి పడగొడుతున్నారు. నువ్వేమంటావు?" అని ఉత్తరం రాశాడు. ఆ వెనకే మా చెల్లెలు ఫోను చేసి, "అన్నయ్యా, నువ్వు వాడికి పెద్ద తుపాకి మాత్రం చెప్పకు, భుజం విరగ్గొట్టుకుంటాడు" అంది. తుపాకులను గురించి మా చెల్లెలికి ఏమీ తెలియదు. అయినా దుకాణం వాడి కంటే ఆవిడ మాటే నాకు నచ్చింది.

మన దేశంలో ఈ ప్రశ్నకు తావు లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అనేది నేరం. ఇక్కడి కుర్రాళ్ళకు గురి సరదా వుంటే రైఫిలు క్లబ్బు వుంది. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది గాలి తుపాకితో, పది మీటర్ల దూరంలో. అక్కడ పది మార్కులిచ్చే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. కొలరాడోలో మాత్రం వేటకు లైసెన్సు వుంది, కాలం వుంది, నియమాలున్నాయి. 1949లో గాని, ఆ తరవాత గాని పుట్టినవాడెవడైనా వేట పాఠం చదివి పరీక్ష ప్యాసయితేనే లైసెన్సు. మావాడు తన కూతురి వయసు పిల్లల పక్కన కూచుని పరీక్ష రాశాడట. కొట్టిన జంతువు మాంసాన్ని అడవిలో పారేసి రావడం కూడా అక్కడ నేరమే.

సరే, కాలిబరు సంగతి. గొట్టం బెజ్జం వెడల్పునో, తూటా వెడల్పునో అంగుళంలో ఇన్నో వంతు అని చెప్పడమే కాలిబరు. .308 అంటే తూటా అడ్డుకొలత అంగుళంలో వెయ్యింట మూడువందల ఎనిమిది వంతులు, సుమారు 7.8 మిల్లీమీటర్లు. అన్ని పేర్లూ ఇంత నిజాయితీగా వుండవు. .270 అని పేరు పెట్టుకున్న దాని తూటా .277 వుంటుంది. .30-06లో చివరి అంకె 1906వ సంవత్సరం. తూటా బరువు గ్రెయిన్లలో చెబుతారు. గ్రెయిన్ అంటే గురిగింజ ఎత్తులో దాదాపు సగం. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. తమాషా ఏమంటే .308కి, .30-06కి పెద్ద జంతువుల కోసం వేసే తూటాలలో బాగా పేరుపడ్డదీ 180 గ్రెయిన్లదే. అంటే మీ మెళ్ళో గొలుసులో ఒక తులం ఎంతో, మూడువందల కిలోల ఎల్క్ పోతును పడగొట్టే సీసమూ రాగీ కలిసి అంతే.

కాబట్టి బరువులో పెద్ద రహస్యం లేదు. రహస్యమంతా దాన్ని ఎంత వేగంతో తోస్తారన్నదాంట్లో వుంది. ఆ తోసేది మన భుజాన్ని ఎంత తంతుందన్నదాంట్లో వుంది. 1963లో వచ్చిన ఈ .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ మంచి తూటాయే, నేను కాదనను. మందు ఎక్కువ పడుతుంది, తూటా వేగంగా పోతుంది, దూరాన తక్కువ దిగుతుంది. అయితే 1952లో వచ్చిన .308 కంటే సుమారు ఒకటిన్నర రెట్లు వెనక్కి తంతుంది. 2007లో పందేల గురికోసమని తయారుచేసిన 6.5 క్రీడ్‌మూర్‌తో పోలిస్తే రెట్టింపు. ఈ ఒకటిన్నరా, రెండూ కాగితం మీద చిన్న అంకెలే. భుజం మీద ఎల్లా వుంటాయో నేను చూశాను.

1962 చలికాలం. మా చిన్నాన్నకు .275 రైఫిలు వుండేది, తేలికది, పొందికైనది. దానితో ఆయన గురి తప్పడం నేనెరగను. ఆ ఏడు ఉట్నూరు దగ్గర అడవులకు ఎవరో పెద్దవాళ్ళు వేటకు పిలిచారు. పెద్దవాళ్ళ మధ్య చిన్న తుపాకి ఏం బావుంటుందనుకున్నారో ఏమో, స్నేహితుడి దగ్గర .500 జంట గొట్టాల రైఫిలు అరువు తెచ్చారు. ముందురోజు సాయంత్రం చెట్టుకు రెండు దెబ్బలు కొట్టి చూశారు. రాత్రి స్నానం చేస్తూంటే భుజం మీద అరచెయ్యంత కమిలిన మచ్చ. నాకు పద్నాలుగేళ్ళు, వేణ్ణీళ్ళు పోసింది నేనే.

మర్నాడు పొద్దున్నే కణుజు కనిపించింది. రెండువందల అడుగుల దూరం కాదు, రెండువందల అంగల దూరం. చిన్నాన్న పక్కనే కూచున్నాను. ఆయన మీట నొక్కే ముందు గట్టిగా కళ్ళు మూసుకోవడం నేను చూశాను. ఆయన చాలా ధైర్యస్థుడు. అయినా భుజానికి జ్ఞాపకం వుంటుంది. అది మెదడును అడగదు. కణుజు వంగి, లేచి, పరుగెత్తింది. మాతో వున్న గోండు పెద్దాయన అది నిలబడ్డ చోటుకు వెళ్ళి, ఆకు మీది తడిని వేలితో తీసి వాసన చూశాడు. "కడుపులో తగిలింది దొరా. ఇది ఇవ్వాళ చావదు" అన్నాడు.

చావలేదు. ఆ రోజంతా తిరిగాం. నెత్తురు చుక్కలు గంటకొకటి కనిపించేవి. రాత్రి చిన్నాన్న అన్నం ముట్టలేదు. రెండోరోజు మధ్యాహ్నం వాగులో మడుగు దగ్గర కనిపించింది. దెబ్బతిన్న జంతువు నీళ్ళ దగ్గరికి వస్తుందని పెద్దాయన ముందే అన్నాడు. నీళ్ళలో పడుకుని, తల మాత్రం పైకెత్తి వుంది. మమ్మల్ని చూసి లేవబోయింది కాని లేవలేకపోయింది. చిన్నాన్న తన చిన్న రైఫిలు తీసుకుని ఒక్క దెబ్బతో ముగించారు. ఆ సంవత్సరం ఆయన మళ్ళీ అడవికి పోలేదు. .500ను తిరిగి ఇచ్చేటప్పుడు స్నేహితుడు "ఎల్లా వుంది?" అంటే, "నాకు పెద్దదండీ" అన్నారు.

ఇది నేను మావాడికి రాశాను. వాడు తెలివైనవాడు, వెంటనే జవాబిచ్చాడు: "మావయ్యా, ఇప్పటి మాగ్నమ్‌లకు రబ్బరు మెత్తలున్నాయి, గొట్టం చివర తన్ను తగ్గించే బిళ్ళలున్నాయి. పైగా టెలిస్కోపులో దూరం లెక్కకట్టి ముల్లు తిప్పుకోవచ్చు." నిజమే. దిగుడు లెక్క యంత్రం చెబుతుంది. .308లో తులం తూటాను రెండువందల గజాలకు సరిచేసుకుంటే, మూడువందల దగ్గర సుమారు తొమ్మిదంగుళాలు, నాలుగువందల దగ్గర రెండడుగులు, అయిదువందల దగ్గర నాలుగడుగుల పైచిలుకు దిగుతుంది. ముల్లు తిప్పితే ఇది సరిపోతుంది. తిప్పడానికి ముల్లు లేనిది గాలి. గంటకు పది మైళ్ళ పక్కగాలి, అంటే ఆరేసిన చీర బాగా ఎగిరేంత గాలి, అయిదువందల గజాల దగ్గర అదే తూటాను అడుగున్నర పక్కకు తోస్తుంది. తుపాకి దగ్గర గాలి ఒకటి, మధ్యలో లోయలో మరొకటి, ఎల్క్ దగ్గర ఇంకొకటి.

ఇంకో సంగతి. అయిదువందల గజాలు పోవడానికి తూటాకు అర సెకను పైన పడుతుంది. ఎల్క్ అప్పుడే మేస్తూ మేస్తూ నడక సాగించిందనుకోండి, ఆ కాస్తలో రెండడుగులు జరుగుతుంది. వూపిరితిత్తులకు గురిపెట్టిన తూటా కడుపులో తగులుతుంది. తూటా తప్పు లేదు, తుపాకి తప్పు లేదు, కాలిబరు తప్పూ లేదు. ఆకు మీద మాత్రం మళ్ళీ అదే తడి.

కాగితం మీద కొట్టేటప్పుడు ఈ బాధ లేదు. వెయ్యి గజాల పందెంలో తప్పిన తూటా మట్టిలో పోతుంది, మార్కు పోతుంది, ఇంటికి వచ్చి భోంచేస్తాం. ఆ పనికైతే 6.5 క్రీడ్‌మూర్ చాలా అందమైన సాధనం. తూటా సన్నగా బారుగా, మొనదేలి వుంటుంది. గాలిని చీల్చుకుని పోతుంది, పక్కకు తక్కువ జరుగుతుంది, తన్నూ తక్కువే. కొన్ని .308 తూటాలు వెయ్యి గజాలు చేరేసరికి శబ్దం వేగం కిందికి జారి తడబడతాయి, ఇది జారదు. కాని ఒకే తుపాకి రెండు పనులూ చెయ్యాలంటే, నొప్పి తెలిసే దాన్ని ముందు పెట్టుకుని ఎంచాలని నా లెక్క. అందుకని వాడికి .308 చెప్పాను. 6.5తో ఎల్క్‌ను కొట్టలేరా అంటే కొడుతున్నారు. దగ్గర నుంచి, సరైన తూటాతో. కొలరాడో చట్టం .24 కాలిబరు, ఎల్క్‌కు 85 గ్రెయిన్ల తూటా కనీసం వుండాలంటుంది. చట్టం చెప్పేది కనీసం. ఆ కనీసం పట్టుకుని కొండెక్కమని నేను మేనల్లుడికి చెప్పను.

చిన్న తుపాకితో పెద్ద పని చేసినవాళ్ళు లేకపోలేదు. జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను కొట్టింది మా చిన్నాన్న దానిలాంటి .275 రిగ్బీతోనే. ఆ రైఫిలు ఆయనకు బహుమతిగా వచ్చింది, 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు. ఆ పులి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. ఎందుకు మనుషులకు మరిగిందా అని కార్బెట్ నోరు తెరిచి చూస్తే, కుడివైపు కోరలు పైదీ కిందిదీ విరిగి వున్నాయి. ఎవరిదో పాత తుపాకి దెబ్బ. ఆ దెబ్బ కొట్టినవాడెవరో, ఏ కాలిబరుతో కొట్టాడో ఎవరికీ తెలియదు. వాడు ఇంటికి పోయి "పులికి తగిలింది, పారిపోయింది" అని చెప్పుకునివుంటాడు.

మావాడికి ఇచ్చిన తక్కిన సలహాలు చిన్నవి. రైఫిలు టెలిస్కోపుతో సహా నాలుగు కిలోలు దాటవద్దన్నాను. గురి పందెం వాళ్ళు మోసే బరువు ఆ కొండల మీద మొయ్యలేడు. పందెం తూటాలు వేటకు వాడవద్దన్నాను. అవి కాగితానికి బొక్క పెట్టడానికి చేసినవి, లోపలికి వెళ్ళి ఎల్లా ప్రవర్తిస్తాయో నమ్మకం లేదు. వేటకు వేటతూటా వేరు, మొన విచ్చుకునేది. తుపాకిని రెండు రకాలకూ విడివిడిగా సరిచేసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం విస్తరాకు పరీక్ష. ఎల్క్ గుండె, వూపిరితిత్తులు కలిసిన చోటు మన విస్తరాకంత వుంటుంది; చిన్న జింకలకైతే జానెడు. అక్కడ విస్తరాకులు దొరకవు గనుక అంత అట్టముక్క కత్తిరించుకోమన్నాను. బల్ల మీద ఇసుక సంచి ఆనించి కాదు. కొండెక్కి రొప్పుతూ, కూచుని, మోకాలి మీద ఆనించి అయిదు తూటాలు కొట్టమన్నాను. అయిదూ అట్టలో పడే దూరం ఎంతో అదే వాడి దూరం. వంద గజాల దగ్గర మూడంగుళాలు అటూ ఇటూ పడితే ఫరవాలేదనిపిస్తుంది. అదే చెయ్యి అయిదువందల దగ్గర పదిహేనంగుళాలు పోతుంది, గాలి సంగతి వదిలేసినా.

మొన్న ఉత్తరం వచ్చింది. .308 కొన్నాడు. మొదటి ఆదివారం రెండువందల గజాల దగ్గర అయిదుకు అయిదూ పడ్డాయట. మూడువందల దగ్గర మూడు పడ్డాయి. నాలుగువందల దగ్గర ఎన్ని పడ్డాయో రాయలేదు. మా చెల్లెలు మాత్రం ఫోను చేసి, భుజం బాగానే వుందనీ, ఇంట్లో పెద్ద ఫ్రిజ్ మరొకటి కొనాలంటున్నాడనీ, కోడలు ఒప్పుకోవడం లేదనీ చెప్పింది.