చీరాలలో టూలెట్

పోయినవారం రాస్తానన్న భాగం పక్కనబెట్టి ఇది రాస్తున్నాను. మా ఇంట్లో నెల రోజులుగా వేరే మాట లేదు. చీరాల దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పడానికి జూన్‌లో చేరమన్నారు. హైదరాబాదు వదిలి పోవాలా, వద్దా?

మామూలు లెక్క ముందు చెప్తాను. జీతం 12 వేలు తగ్గుతుంది, అద్దె 10 వేలు తగ్గుతుంది. రోజూ సిటీ బస్సులో పోయే మూడు గంటలు మిగులుతాయి. మా ఆయన పని ఇంటి నుంచే, నెట్ ఉంటే చాలు. పెద్ద జబ్బు చేస్తే మాత్రం గుంటూరో ఒంగోలో పరిగెత్తాలి. తుఫాన్లున్నాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఈ మాత్రం లెక్క ఎవరైనా వేస్తారు. మా కాగితం మీద ఇంకో రెండు మూడు గళ్ళు ఎక్కువుంటాయి.

ఒకటి, ఇల్లు. ఫోన్‌లో మొదటి ఓనరమ్మ రెండో ప్రశ్నకే వచ్చేసింది.

"మీరేవిట్లమ్మా?"

"లెక్చరర్నండీ."

"అది కాదమ్మా, మీరూ... ఏవిట్లని?"

"ఎస్సీలమండీ."

"అట్టాగా. మా చెల్లెలి కొడుకు అడుగుతున్నాడమ్మా ఆ పోర్షను. వాడేమంటాడో కనుక్కుని చెప్తాను."

ఆ చెల్లెలి కొడుకు ఇంకా ఏమీ అన్నట్టు లేదు.

హైదరాబాదులో అడగరా అంటే, అడుగుతారు. కాకపోతే తిప్పి అడుగుతారు. నాన్‌వెజ్ తింటారా అంటారు, పూజగది వాడుకుంటారా అంటారు, ఇంటిపేరు రెండుసార్లు పలికిస్తారు. ఇప్పుడున్న ఫ్లాట్‌లో మా కులం బయటపడటానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ మా పాప కింది ఫ్లోర్ పిల్లలతో వాళ్ళింట్లో అన్నం తిన్నది, ఆ తర్వాత తినలేదు. నగరం మనకిచ్చేది స్వేచ్ఛ అని నేనూ ఒకప్పుడు రాశాను. కాస్త గడువిస్తుంది, అంతే. అయితే ఆ గడువు విలువ కూడా తక్కువేం కాదు. అద్దె అగ్రిమెంట్ మీద సంతకమయ్యేది ఆ గడువులోనే.

రెండోది సర్టిఫికెట్. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మీలో చాలామందికి రేపు పనికొస్తుంది, ఓపిగ్గా చదవండి. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినవాళ్ళు బతుకుదెరువుకి ఇంకో రాష్ట్రం పోతే అక్కడ ఆ రిజర్వేషన్ అడగలేరని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మర్రి చంద్రశేఖర్ రావు కేసు. తండ్రి ఉద్యోగం వల్ల మన రాష్ట్రం నుంచి బొంబాయి చేరిన ఎస్టీ విద్యార్థి మెడికల్ సీటు గొడవ అది. మాది పర్చూరు వైపు, మా ఆయనది నల్లగొండ. పెళ్ళినాటికి అంతా ఒకే రాష్ట్రం. 2014 తర్వాత మా ఇంట్లో రెండు రాష్ట్రాలున్నాయి. పాప కులానికి మామూలుగా తండ్రి స్వస్థలమే చూస్తారు, కాబట్టి తెలంగాణ ఎస్సీ. చీరాలలో చదివితే చదువును బట్టి ఆంధ్రాలో లోకల్ అవుతుంది, కానీ ఆంధ్రాలో ఎస్సీ కాదు. తెలంగాణలో ఎస్సీయే, కానీ లోకల్ కాదు. సెంట్రల్ యూనివర్సిటీలకు ఇబ్బంది లేదు. రాష్ట్రం చేతిలోని మెడికల్, ఇంజినీరింగ్ సీట్ల దగ్గరే రెండు గుమ్మాల మధ్య నిలబడుతుంది. వర్గీకరణ రెండుచోట్లా 2025లోనే వచ్చింది, మాదిగలున్న గ్రూపుకి తెలంగాణలో 9 శాతం, ఆంధ్రాలో 6.5. ముప్పై ఏళ్ళు డప్పు కొట్టి తెచ్చుకున్నది. ఇల్లు మారితే నా కూతురికి రెండూ కాకుండా పోవచ్చు. ఇల్లు మారడానికి ప్యాకర్స్ అండ్ మూవర్స్‌తో పాటు లాయర్ని కూడా పిలవాల్సిన జనం దేశంలో ఎవరో చూడండి.

పాప ఇప్పుడు నాలుగో తరగతి. తెలంగాణ వాళ్ళు వైద్యవిద్యకి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళ చదువు చూస్తున్నారు. అంటే ఎనిమిదో తరగతి అయ్యేలోపు వెనక్కి రావాలి. నాకున్న టైము అంతే.

ఇక ఊరు. చీరాల పేరు చెప్పగానే పాఠ్యపుస్తకం చీరాల-పేరాల అంటుంది. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్ళు వదిలి, బయట రామనగర్‌లో పాకలేసుకుని నెలల తరబడి ఉన్నారు. గొప్ప సంగతే, నేనూ క్లాసులో చెప్తాను. అదే చీరాలకి 1985 జూలై 17న ఇంకో జనం ఇళ్ళు వదిలి వచ్చింది. తాగే కుంటలో గేదెల కుడితి నీళ్ళు కలపొద్దన్న పాపానికి కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపితే, మిగిలినవాళ్ళు పొలాలకడ్డంబడి ఇక్కడికొచ్చి పడ్డారు. ఊరికి తిరిగి పోమన్నారు, పోలేదు. విజయనగర్ కాలనీ అట్లా పుట్టింది. సుప్రీంకోర్టు తీర్పుకి 2008 దాకా, 23 ఏళ్ళు పట్టింది. పన్ను కోసం ఊరొదిలితే ఉద్యమం, ప్రాణం కోసం ఊరొదిలితే పునరావాసం. రెండో వలస మీద సిలబస్‌లో ఒక్క పాఠం నాకైతే కనబడలేదు.

ఊరు మారిందా అంటే, 2020 జూలైలో మాస్కు లేదని పోలీసులు ఆపిన చీరాల దళిత కుర్రాడు గుంటూరు ఆస్పత్రిలో చనిపోయాడు. కొట్టి చంపారని ఇంట్లోవాళ్ళు, జీపులోంచి దూకాడని పోలీసులు. హైదరాబాదేమన్నా నయమా అంటే, 2016 జనవరి ఉంది. ఆ తూకం నేను వెయ్యను.

మరి పోవాలని ఎందుకనిపిస్తోంది? వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది, 1918 నాటిది. పీహెచ్‌డీ రోజుల్లో పాత పత్రికల కోసం అక్కడ పదకొండు రోజులు కూచున్నాను. ఆ దుమ్ముకి దగ్గొచ్చింది గానీ, నా థీసిస్‌లో సగం ఆ బల్ల మీద తేలింది. ఆటోలో పోయేంత దూరంలో అలాంటి చోటు ఉండటం నాలాంటిదానికి చిన్న విషయం కాదు.

ఇంకోటి, డెమో క్లాసు. గబ్బిలం చెప్పాను. అయిపోయాక వెనకబెంచీ అబ్బాయొకడు బయటిదాకా వచ్చి గొంతు తగ్గించి అడిగాడు: "మేడమ్, జాషువా గారి కులం పరీక్షలో రాయొచ్చా? మార్కులు తీసేస్తారా?" 1941 నాటి కావ్యం. ఆ ప్రశ్న హైదరాబాదులో నన్నెవరూ అడగలేదు.

ఇది విన్న మిత్రులు వెంటనే, చూశావా, నీ అవసరం అక్కడే ఉంది, పో అంటున్నారు. ఆ మాట నాకు నచ్చదు. వేరేవాళ్ళు సముద్రం పక్కకి మారితే ప్రశాంతత కోసమంటారు, మేం మారితే మాత్రం సేవ కోసం అయి ఉండాలి. మా అమ్మ చీరాల పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగ్‌కి ఏళ్ళ తరబడి బస్సెక్కి వచ్చి బస్సెక్కి పోయింది. అక్కణ్ణించి ఓడరేవు ఆరేడు కిలోమీటర్లు. అమ్మ ఒక్కసారి కూడా పోలేదు. నేను సముద్రం చూసింది పంతొమ్మిదేళ్ళకి, అదీ విశాఖలో, ఎన్ఎస్ఎస్ క్యాంపులో. ఇప్పుడు రామాపురం, ఓడరేవు రిసార్టులకి శని ఆదివారాలు హైదరాబాదు కార్లొస్తున్నాయి. అక్కడ దుప్పట్లు మార్చే ఆడవాళ్ళది ఏ పేటో అడక్కుండానే చెప్పగలను. నా కూతురు సాయంత్రం ఇసకలో ఆడుకోవాలనే కోరిక కూడా కాగితం మీద ఒక గడిగా రాశాను. సిగ్గుపడను.

మా పెద్దమ్మ 1985 నుంచి ఆ కాలనీలోనే ఉంది. విషయం చెబితే, తమలపాకు ఈనె తీస్తూ అడిగింది: "మేవంటే పానాలు దక్కించుకోను వచ్చాం. నువ్వు పట్నం నించి దేనికొస్తన్నావే?" జాషువా సంగతి చెప్పాను, లైబ్రరీ సంగతి చెప్పాను. వింది. "మరి ఇల్లెవడిస్తాడు?" అంది. కాలనీలోనే ఉంటానన్నాను. "ఇందుకా నిన్ను అంత చదివించింది? మెయిన్‌రోడ్డు మీద తీసుకో, వాళ్ళిచ్చిందాకా అడుగు" అంది.

అందుకని పోతున్నాం, నాలుగేళ్ళకి. పాప తొమ్మిదికి వచ్చేసరికి మళ్ళీ కూచుని లెక్కేసుకుంటాం. చీరాల, పేరాల వైపు రెండు గదుల ఇల్లు టూలెట్ ఉంటే చెప్పండి. ఓనర్‌కి మా కులం ముందే చెప్పి, ఒప్పుకున్నాకే నా నంబరివ్వండి. ఇద్దరికీ ఫోన్ ఖర్చు మిగులుతుంది.

జై భీమ్.