ముందు పురుగుల లెక్క తేల్చండి

నులిపురుగనగానే మనకు పిల్లల కడుపు, ఆల్బెండజోల్ మాత్ర, టమాట వేళ్ళకు పట్టే బుడిపెలు గుర్తొస్తాయి. సముద్రం అడుగున నాలుగైదు వేల మీటర్ల లోతులో ఉండే నులిపురుగుల్లో చాలావరకు ఎవరి ఒంట్లోకీ చేరవు. బురదలో తమ బతుకు తాము బతుకుతాయి. అక్కడి బురదలోని చిన్నచిన్న జంతువుల్లో సింహభాగం వీటిదే.

విశాఖలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని నేను. ఒడ్డు ఇసుక తెచ్చి, సన్న జల్లెడలో కడిగి, రోజ్ బెంగాల్ రంగు ఎక్కిస్తే మైక్రోస్కోపు కింద ఇవి గులాబీ నూలుపోగుల్లా కనిపించేవి. ఒక్కొక్కదాన్నీ సూదిమొనతో ఎత్తి, గ్లిజరిన్‌లో పెట్టి, నోరు చూడాలి. పళ్ళు లేకపోతే బ్యాక్టీరియానో, మెత్తటి కుళ్ళునో తినే రకం. పళ్ళుంటే గీక్కు తినేదో, వేటాడేదో. ఈ చూపు పుస్తకం చదివితే రాదు.

ఇప్పుడీ గొడవ ఎందుకంటే, ఆ బురద మీదే మాంగనీసు, నికెల్, కోబాల్ట్, రాగి ఉన్న ముద్దలున్నాయి. హిందూ మహాసముద్రం నడుమ 75,000 చదరపు కిలోమీటర్లలో వాటిని అన్వేషించడానికి 2002లో మన దేశం ఒప్పందం చేసుకుంది. 2021లో లోతు సముద్రపు అన్వేషణ కోసం డీప్ ఓషన్ మిషన్‌కు 4,077 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. ఆ ఏడాదే సముద్రం అడుగున తవ్వకాల కోసం తయారుచేసిన మన ‘వరాహ’ యంత్రం 5,270 మీటర్ల లోతున నడిచింది. సంతోషమే.

కానీ పసిఫిక్‌లో జరిగింది కూడా చూడాలి. 1978లో అక్కడ ఒక గని యంత్రాన్ని ప్రయోగంగా నడిపారు. అది పోయిన చాలును 2004లో పరీక్షిస్తే, పక్క బురదలో కంటే అందులో నులిపురుగుల సంఖ్యా తక్కువే, రకాలూ తక్కువే. 26 ఏళ్ళు గడిచినా కోలుకోలేదు. అది ఒక్క ప్రయోగం మిగిల్చిన చాలు. రేపు వ్యాపారానికే దిగితే?

బ్యాటరీలకు లోహాలు వద్దా అంటారు. వద్దనడం లేదు. 1997లోనే మన శాస్త్రవేత్తలు హిందూ మహాసముద్రం అడుగును కావాలని కదిపి, ఏమవుతుందో గమనించారు. అంటే ముందే పరీక్షించి చూడడం మనకు చేతకాని పనేమీ కాదు. అయితే నోరు చూసి పురుగును పోల్చడం నేర్చిన నా విద్యార్థులు ఉద్యోగాల్లేక బ్యాంకు పరీక్షలు రాసుకున్నారు. యంత్రాలకిచ్చే డబ్బులో కొంత వాళ్ళ శాశ్వత ఉద్యోగాలకు కేటాయించాలి. తవ్వాలనుకునే ప్రతి చోటా ముందు ఏ రకాలు ఎన్ని ఉన్నాయో లెక్కతీసి జనం ముందు పెట్టాలి. ఆ లెక్క లేని చోట తవ్వకానికి అనుమతి ఇవ్వకూడదు.