పట్టుటకు ముందు పరిశీలన

మన ద్వారకా నగర్ బస్ స్టేషన్‌లో పార్వతీపురం బస్సు ఎక్కినవారు కొన్ని గంటలలోనే ఏనుగులు సంచరించు సీమకు చేరుదురు. ఒడిశా అడవుల నుండి ఉత్తరాంధ్రకు వచ్చిన ఏనుగులను పట్టి తరలించుటకు ‘ఆపరేషన్ గజేంద్ర’ చేపట్టినారు. ఆ ప్రయత్నములో రెండు ఏనుగులు మరణించినవి. పని అర్ధాంతరముగా ఆగినది. ఆ తరువాత మరల మందలు వచ్చినవి. రైతులు పంటనే గాక ప్రాణములను సైతము కోల్పోయినారు. 2023 మే నెలలో భామిని మండలములో నాలుగు ఏనుగులు విద్యుదాఘాతమునకు బలియైనవి.

2025లో కర్ణాటక నుండి మన రాష్ట్రమునకు శిక్షణ పొందిన కుంకీ ఏనుగులు వచ్చినవి. ఇక చిక్కు తీరినదని పలువురు సంతోషించుచున్నారు. కుంకీల అవసరమును మేము కాదనము. కాని ఏ ఏనుగును, ఎప్పుడు, ఎచటికి మళ్లింపవలెనో చెప్పవలసినది పరిశోధనయే.

దక్షిణ భారతపు అడవులలో ఏనుగులను దీర్ఘకాలము పరిశీలించిన రామన్ సుకుమార్, ఎదిగిన మగ ఏనుగులే ఆడవాటి కంటె తరచుగా పంటలపై పడునని నిరూపించినారు. అడవి గడ్డిలో కంటె పైరులో మాంసకృత్తులు, సోడియము హెచ్చుగా నుండుట అందుకొక కారణము. కనుక ఒంటరి మగ ఏనుగుకు తగిన ఉపాయము, పిల్లలతో కూడిన మందకు తగదు. శ్రీలంకలో 12 మగ ఏనుగులను పట్టి, ఉపగ్రహ కాలర్లు తగిలించి, దూరపు అడవులలో విడిచినారు. కొన్ని పట్టిన చోటికే తిరిగి వచ్చినవి. కొన్ని కొత్త ఊళ్లపై పడినవి. తరలింపు చిక్కును తీర్చక వ్యాపింపజేసినదని 2012లో ప్రకటితమైన ఆ అధ్యయనము తేల్చినది.

పరిశోధన ముగియువరకు రైతు చేతులు కట్టుకొని కూర్చుండవలెనా యని అడుగవచ్చును. అక్కరలేదు. నష్టపరిహారము వెంటనే అందవలెను. కాలర్ తెలుపు జాడ ఆ రాత్రియే గ్రామమును మేల్కొల్పగలదు. అయితే ఆ సమాచారము ఆంగ్ల పత్రములలో నిలిచిపోరాదు. తెలుగులోను, సవర భాషలోను గడప గడపకు చేరవలెను. సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తిగారు తిరిగిన సీమకు ఇంతటి న్యాయమైనను జరుగవలదా?

విద్యార్థులకు మా మనవి ఒక్కటే. ఆ మండలములలో బంధువులున్నవారు సెలవులలో ఒక నోటుపుస్తకము వెంట తీసికొనిపోవలెను. ఏ రాత్రి, ఏ పైరుపై, ఎన్ని ఏనుగులు వచ్చినవో, ఒంటరివో మందవో రైతుల నడిగి వ్రాసి, అటవీ శాఖకు అందజేయవలెను. ఏనుగు జాడ తొక్కుచు అడవికి పోనక్కరలేదు, పోరాదు. కళాశాల కమిటీవారు దారి ఖర్చులకు కొంత కేటాయించినచో, ఆ కొద్దిపాటి వ్యయము వ్యర్థము కాదు. తెలియని జంతువును మనిషి భయముతో ఎదుర్కొనును. తెలిసినచో బుద్ధితో మెలగును.