సోదాకు "సరే" అన్నది ఎవరు?

"ప్రజలే స్వచ్ఛందంగా సహకరిస్తున్నారు" అనే మాట పోలీసు ప్రకటనల్లో కనిపించినప్పుడల్లా నాకొక సందేహం వస్తుంది. సహకరించనివాడు ఒక్కడైనా ఉన్నాడా? ఉంటే వాడికేమైంది? ఈ రెండో ప్రశ్నకు జవాబు దొరకనంతవరకు ఆ వాక్యం దేన్నీ రుజువు చేయదు. కాదనే వీలు లేని చోట ఔనన్న మాటను లెక్కేసుకోవడం, ఒక్కడే పోటీ చేసిన ఎన్నికలో నూటికి నూరు ఓట్లు వచ్చాయని సంబరపడడం లాంటిది.

2021 అక్టోబరులో హైదరాబాదులో జరిగింది గుర్తుందా? గంజాయిని అరికట్టే పేరుతో పోలీసులు దారిన పోయేవాళ్ళ బండ్లు ఆపారు, జేబులు తడిమారు, ఫోన్లు తీయించి వాట్సాప్‌లో "గంజాయి" లాంటి మాటల కోసం వెతికారు. ఆ దృశ్యాలు వీడియోలుగా ఊరంతా తిరిగాయి. ఇదేం పద్ధతని అడిగితే వచ్చిన సమాధానం, మేమెవరినీ బలవంతపెట్టడం లేదు, జనం సహకరిస్తున్నారని. లాఠీలు పట్టుకున్న నలుగురు చుట్టూ నిలబడి "ఫోన్ తియ్, లాక్ తియ్" అంటే, ఇరవయ్యేళ్ళ కుర్రవాడు "సార్, ఏ సెక్షను కింద?" అని అడుగుతాడా? అడిగితే ఆ రాత్రి ఇంటికెళ్తానన్న నమ్మకం వాడికుందా? ఈ భయానికి మనం పెట్టిన గౌరవనీయమైన పేరు సమ్మతి.

ఇంతకీ చట్టం ఏమంటోంది? చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా వారెంటు లేకపోతే పోలీసులు ఇంట్లోకి రాకూడదనుకుంటారు. అది నిజం కాదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 165వ సెక్షను ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 185వ సెక్షను. దర్యాప్తుకు అవసరమైన వస్తువు ఫలానా చోట ఉందని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండి, వారెంటు కోసం ఆగితే అనవసరమైన ఆలస్యమయ్యేట్టుంటే, అధికారి నేరుగా వెళ్ళి సోదా చేయవచ్చు. మన అనుమతి అక్కర్లేదు. కానీ వెళ్ళేముందు ఆ కారణం కాగితం మీద రాయాలి. వెతికేది ఏ వస్తువో వీలైనంతవరకు రాయాలి. ఆ కాగితం నకలు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి. ఆ ప్రాంతంలోని ఇద్దరు స్వతంత్రులైన మధ్యవర్తులుండాలి, స్వాధీనం చేసుకున్నవాటి జాబితా ఇంటివాడికివ్వాలి, 105వ సెక్షను ప్రకారం ఇదంతా వీడియో తీయాలి.

ఇక ఫోను సంగతి. పరికరాన్ని హాజరుపరచమనాలంటే 94వ సెక్షను కింద స్టేషను అధికారి రాతపూర్వకమైన ఉత్తర్వు ఇవ్వాలి. మాదకద్రవ్యాల చట్టం బహిరంగ స్థలంలో మనిషిని ఆపి సోదా చేయనిస్తుంది, నిజమే. కానీ అదీ ఆ మనిషి నేరం చేశాడని నమ్మడానికి కారణం ఉండాలంటుంది. "బండి మీద పోతున్నాడు" అన్నది కారణం కాదు.

ఇప్పుడు ఆలోచించండి. కారణం ఉన్న అధికారికి మన సమ్మతితో పనే లేదు, నాలుగు ముక్కలు రాసుకుని లోపలికి రావచ్చు. మరి సమ్మతి ఎవరికి కావాలి? కారణం లేనివాడికి. సోదా ఫైల్లో "ఇంటి యజమాని అంగీకారంతో" అన్న మాట కనబడితే, రాయడానికి కారణం దొరకలేదేమో అని నేను అనుమానిస్తాను.

కారణం రాయకపోతే ఏమవుతుంది? 1960 నాటి లా రిపోర్టుల్లో రాజస్థాన్ రాష్ట్రానికీ రెహమాన్ అనే పొగాకు రైతుకూ మధ్య నడిచిన కేసు ఉంది. సోదాకు వచ్చిన ఎక్సైజు వాళ్ళను అతను అడ్డుకున్నాడు. 165 కోరినట్టు కారణాలు రాసుకోలేదు గనుక సోదాయే చెల్లదని, అడ్డుకున్నందుకు శిక్షించడం కుదరదని సుప్రీం కోర్టు తేల్చింది. భేషైన తీర్పు. కానీ 1974లో పూరణ్ మల్ కేసులో అదే కోర్టు, సోదా అక్రమమైనా అందులో దొరికిన సాక్ష్యం పనికొస్తుందంది. అంటే తలుపు అక్రమంగా తోశావు, తప్పే, కానీ తెచ్చినదాన్ని ఇటివ్వు అని. ఇక ఏ ఎస్సై అయినా ఎందుకు కష్టపడి రాస్తాడు?

అసలైన సమ్మతి ఎలా ఉండాలో మన కోర్టులకు తెలియదా అంటే, బాగా తెలుసు. మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షను కింద ఒంటిని సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట చేయమని కోరే హక్కు నీకుందని పోలీసే చెప్పాలి. చెప్పకుండా చేసిన సోదాలో దొరికిన సరుకును నిందితుడి దగ్గరున్నట్టు రుజువుగా వాడుకోకూడదని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ నియమాన్ని కచ్చితంగా పాటించాలని 2010లో మరో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. (ఒంటి మీది జేబుకున్న ఈ రక్షణ భుజాన వేలాడే సంచికి లేదట! ఆ వింత వేరే కథ.) అదే 2010లో సెల్వి కేసులో, నార్కో పరీక్ష సమ్మతి లేకుండా చేయరాదన్నారు. లై డిటెక్టరుకు ఇచ్చే సమ్మతిని వకీలు అందుబాటులో ఉండగా మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయాలన్న మానవ హక్కుల కమిషన్ నియమాలను పాటించమన్నారు. మత్తు సూదికి ఇంత జాగ్రత్త ఉంది. మనిషి పదేళ్ళ మాటలు, ఫోటోలు, మందుల చీటీలు, అప్పుల లెక్కలు ఉన్న ఫోనుకు మాత్రం నడిరోడ్డు మీద ఒక "ఊఁ" చాలునా?

"దాచడానికేమీ లేనివాడికి భయమెందుకయ్యా?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఈ వాదనలో మెలిక చూడండి. ఒప్పుకుంటే సోదా, ఒప్పుకోకపోతే ఏదో దాస్తున్నాడని అనుమానం, కాబట్టి సోదా! ఏ జవాబిచ్చినా ఒకే ఫలితం వచ్చే ప్రశ్నను ప్రశ్న అనరు. పైగా ఈ భయంలేనితనం అందరి నుంచీ ఆశించరు. 2010ల నుంచీ కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లవారకముందే బస్తీలను చుట్టుముట్టి, ఇల్లిల్లూ తట్టి, బండి కాగితాలూ ఆధార్ కార్డులూ అడిగిన వార్తలు చాలా చదివాను. బంజారాహిల్స్ బంగళాలను అలా చుట్టుముట్టిన వార్త ఒక్కటీ నా కంటపడలేదు. దాచేవన్నీ రేకుల ఇళ్ళలోనే ఉంటాయి కాబోలు.

బ్యాంకుల సంగతి వచ్చేసరికి మన న్యాయం చురుగ్గానే పనిచేసింది. 1986లో ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టాన్ని సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా వెళ్ళి పత్రాలు తనిఖీ చేయవచ్చంది. 2004లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీం కోర్టు ఆ సెక్షను చెల్లదంది. కాగితం బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన అందులోని గోప్యత పోదని వివరించింది. 2017లో పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కన్నది. ఈ రెండు తీర్పుల తర్వాత కూడా చౌరస్తాలో ఫోను లాక్ తీయించారు.

నేనడిగేది పెద్ద విప్లవమేమీ కాదు. సమ్మతితో సోదా అంటే, "మీరు కాదనవచ్చు, కాదన్నందుకు మీమీద ఏ చర్యా ఉండదు" అని ముందుగా తెలుగులోనో ఉర్దూలోనో చెప్పాలి. చెప్పినట్టు వీడియోలో వినబడాలి. వినబడకపోతే దొరికిన సాక్ష్యం కోర్టులో చెల్లకూడదు. ఎడిసన్‌లో ఉన్న మన తెలుగువాళ్ళు ఒకటి గమనించే ఉంటారు. వాళ్ళ న్యూజెర్సీలో, కాదనే హక్కుందని ఆ మనిషికి తెలుసునని ప్రభుత్వమే రుజువు చేయాలని అక్కడి సుప్రీం కోర్టు 1975లోనే అంది. 2002లో ఇంకో అడుగు ముందుకేసి, రోడ్డు మీద ఆపిన కారును సోదా చేస్తామని సమ్మతి అడగాలన్నా ముందు సహేతుకమైన అనుమానం ఉండాలంది. అక్కడి పోలీసులు దుకాణం మూసేసుకోలేదు.

"ఇలా అయితే నేరస్తుడు కాదంటాడు, సరుకు మాయమైపోతుంది" అంటారా? అనుమానం నిజంగా ఉంటే 185 ఉంది కదా. కారణం రాసి, మధ్యవర్తులను పిలిచి, కెమెరా పెట్టుకుని లోపలికి వెళ్ళండి.